ఆర్‌బీ26డీఈటీటీ ఇంజన్‌లో ఆయిల్ పొగ

నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కార్లకు ఫ్యాక్టరీలోనే జంట టర్బోలతో అమర్చిన 2,568 సీసీ, ఆరు సిలిండర్ల ఇంజన్ ఆర్‌బీ26డీఈటీటీ. ఆర్32 (1989–94), ఆర్33 (1995–98), ఆర్34 (1999–2002) మూడు తరాల్లోనూ ఇదే వాడారు. జపాన్ కార్ల కంపెనీల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం కారణంగా ప్రకటించిన శక్తి 280 పీఎస్ దగ్గరే ఆగింది. బూస్ట్ పెంచి ట్రాక్ మీద తిప్పిన ఈ కార్ల సైలెన్సర్ నుంచి నీలి పొగ రావడం చాలా పాత ఫిర్యాదు.

పొగ కనబడగానే ముందుగా అనుమానించేది టర్బోను. టర్బో షాఫ్ట్‌కు ఉండేవి రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగుల వంటి సన్నని లోహపు రింగులు. ఆయిల్ తన బరువుతో తాను కిందికి జారిపోతున్నంత వరకే అవి పనిచేస్తాయి. క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగినా, తిరుగు గొట్టం సన్నబడినా, మంచి టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. బాల్ బేరింగ్ టర్బో పెట్టినప్పుడు ఆయిల్ వచ్చే దారిలో సుమారు 0.9 మి.మీ. రంధ్రమున్న రిస్ట్రిక్టర్ వేయడం మామూలు. అది మరిచినా ఫలితం ఇదే. అసలు టర్బోల్లోని సిరామిక్ టర్బైన్ చక్రాలు విరగడం వేరే సంగతి: బూస్ట్ 1 బార్ దాటితే ఆ ప్రమాదం ఉందని సాధారణంగా చెబుతారు.

మూలం చాలావరకు సిలిండర్ హెడ్‌లో ఉంది. హెడ్‌కు చేరిన ఆయిల్ బ్లాక్‌లోని దారుల గుండా అడుగున ఉన్న ఆయిల్ ప్యాన్‌కు దిగాలి. రింగులు దాటి వచ్చే దహన వాయువులు (బ్లో-బై) అవే దారుల గుండా పైకి వస్తాయి. బూస్ట్ పెరిగేకొద్దీ ఈ వాయువులు పెరిగి, దిగే ఆయిల్‌కు అడ్డు తగులుతాయి. ఇంజన్ పొడవైనది కాబట్టి కారు వేగం పుంజుకుంటున్నప్పుడు ఆయిల్ హెడ్ వెనక భాగానికి చేరుతుంది. మలుపుల్లో ఒక పక్కకు పోతుంది. అలా నిలిచిన ఆయిల్ క్యామ్ కవర్ బ్రీదర్ల నుంచి టర్బోల ముందున్న గాలి గొట్టంలోకి, అక్కడి నుంచి ఇంటర్‌కూలర్‌లోకి, సిలిండర్లలోకి వెళ్లి కాలుతుంది. నష్టం పొగతోనే పోదు. ఆయిల్ కలిసిన మిశ్రమానికి నాకింగ్‌ను తట్టుకునే శక్తి తగ్గుతుంది.

కారణంపై రెండు వాదాలున్నాయి. హెడ్‌కు అవసరానికి మించి ఆయిల్ పోతోందన్నది ఒకటి. ఆర్‌బీ26లో హైడ్రాలిక్ లిఫ్టర్లు లేవు కాబట్టి అంత ఆయిల్ అక్కర్లేదన్నది దాని ఆధారం. బ్లాక్ నుంచి హెడ్‌కు వెళ్లే రంధ్రాల్లో రిస్ట్రిక్టర్లు బిగించడం దాని విరుగుడు. వాయువుల ఒత్తిడే అసలు దోషి అన్నది రెండోది. హెడ్ వెనక నుంచి ఆయిల్ ప్యాన్‌కు బయటి గొట్టం వేస్తే పొగ తగ్గుతుందని ఇరువర్గాలూ ఒప్పుకుంటాయి, కారణం దగ్గరే విడిపోతాయి. గొట్టం ఆయిల్‌ను దించుతుందని మొదటి వారు, వాయువులకు వేరే దారి ఇచ్చి లోపలి దారులను ఖాళీ చేస్తుందని రెండో వారు అంటారు. రిస్ట్రిక్టర్లు వేశాక కూడా రింగులు అరిగిన ఇంజన్లు పొగ వదులుతూనే ఉండటం రెండో వాదానికి బలం.

ఒక మరమ్మతు మరో చిక్కుకు దారితీయడమూ ఉంది. తొలి ఆర్32ల్లో క్రాంక్ షాఫ్ట్ మీద ఆయిల్ పంపును తిప్పే భాగం వెడల్పు తక్కువ. ఎక్కువ ఆర్‌పీఎం వద్ద పంపు గేర్లు పగిలేవి. దాన్ని వెడల్పు చేసింది ఆర్32 చివరి రోజుల్లోనే అని కొందరు, ఆర్33తో అని మరికొందరు రాశారు. భయపడిన యజమానులు ఎక్కువ ఆయిల్ తోసే ఎన్1 పంపు బిగించారు. రిస్ట్రిక్టర్లు మార్చకుండా అది వేస్తే హెడ్ మరింత త్వరగా నిండుతుంది.

క్రాంక్‌కేస్ వాయువులను ఇన్‌టేక్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ బూస్ట్‌లో మూసుకోకపోతే టర్బో గాలే క్రాంక్‌కేస్‌లోకి చొరబడుతుంది. చౌకగా మారే భాగమే అయినా దీన్ని చివర్లో చూస్తారు. బ్రీదర్లకు ఆయిల్‌ను పట్టి ఉంచే డబ్బా (క్యాచ్ క్యాన్) కలిపితే పొగ ఆగుతుంది గానీ రోగం అలాగే ఉంటుంది.

పొగ వచ్చే సమయం కొంత సూచన ఇస్తుంది. రాత్రంతా ఆపి ఉదయం స్టార్ట్ చేయగానే వస్తే వాల్వ్ సీళ్లు, యాక్సిలరేటర్ వదిలి ఇంజన్ బ్రేకింగ్‌లో వస్తే వాల్వ్ గైడ్లు, నిండు బూస్ట్‌లో వస్తే రింగులు లేదా బ్రీదర్లు అనుమానించదగినవి. లీక్‌డౌన్ పరీక్షలో ఆయిల్ పోసే మూత దగ్గర గాలి బుసకొడితే రింగుల మీద అనుమానం బలపడుతుంది.