కార్డుపై 'వెల్త్ అడ్వైజర్' అని వేసుకోవచ్చా? ఇన్వెస్ట్‌మెంట్ రంగంలో ఏ హోదా ఎవరిదంటే..

మ్యూచువల్ ఫండ్ల పని కొత్తగా మొదలుపెట్టిన చాలామందికి వచ్చే డౌట్ ఒకటే. విజిటింగ్ కార్డుపై ఏం రాయించుకోవాలి? 'ఏజెంట్' అంటే చిన్నగా ఉంటుందని కొందరు 'వెల్త్ అడ్వైజర్' అని వేయించుకుంటారు. కానీ ఆ పేరు ఎవరు పడితే వాళ్లు వాడటానికి వీల్లేదు. దీనిపై మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రూల్స్ పెట్టింది. డబ్బు పెట్టేవాళ్లకు కూడా ఈ తేడా తెలియాలి. ఎదుటి మనిషికి డబ్బులు ఎవరిస్తున్నారో సరైన హోదా చెప్పేస్తుంది.

మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్

ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష పాసై, యాంఫీ దగ్గర ఏఆర్ఎన్ నంబర్ తీసుకున్నవాళ్లు డిస్ట్రిబ్యూటర్లు. వీళ్లకు కమీషన్ ఇచ్చేది ఫండ్ కంపెనీ. కస్టమర్ విడిగా ఫీజు కట్టక్కర్లేదు కానీ, రెగ్యులర్ ప్లాన్ ఖర్చులో ఆ కమీషన్ కలిసే ఉంటుంది. 2020లో సవరించిన నిబంధనల ప్రకారం వీళ్లు 'ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్', 'ఐఎఫ్ఏ', 'వెల్త్ అడ్వైజర్' లాంటి పేర్లు వాడకూడదు. 'మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్' అని రాసుకోవడమే సేఫ్.

ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్

సెబీ 2013 నిబంధనల కింద రిజిస్టర్ అయినవాళ్లదే ఈ హోదా. నంబర్ 'ఐఎన్ఏ'తో మొదలవుతుంది. వీళ్లకు ఫీజు ఇచ్చేది క్లయింటే. సలహా ఇచ్చిన క్లయింట్ పెట్టుబడిపై కమీషన్ తీసుకోకూడదు. వ్యక్తిగతంగా రిజిస్టర్ అయినవాళ్లు అటు సలహా, ఇటు డిస్ట్రిబ్యూషన్ రెండూ చేస్తామంటే కుదరదు.

రీసెర్చ్ అనలిస్ట్

ఏ షేర్ కొనాలి, ఏది అమ్మాలి, టార్గెట్ ఎంత అని రిపోర్టులు ఇచ్చేవాళ్లు వీళ్లు. 2014 నిబంధనలు వర్తిస్తాయి. నంబర్ 'ఐఎన్‌హెచ్'తో మొదలవుతుంది. మీ జీతం, అప్పులు, పిల్లల చదువు చూసి ప్లాన్ వేయడం వీళ్ల పని కాదు. అది అడ్వైజర్ పని.

పోర్ట్‌ఫోలియో మేనేజర్

క్లయింట్ తరఫున పెట్టుబడులు నడిపే హోదా ఇది. నంబర్ 'ఐఎన్‌పీ'తో ఉంటుంది. కనీస పెట్టుబడి రూ.50 లక్షలు. '5 వేలు ఇవ్వండి, మీ పోర్ట్‌ఫోలియో మేం చూసుకుంటాం' అని ఎవరైనా అంటే అనుమానించాల్సిందే.

బ్యాంకుల్లో హోదాల సంగతేంటి?

'రిలేషన్‌షిప్ మేనేజర్', 'వైస్ ప్రెసిడెంట్' లాంటివి ఆఫీసు లోపలి గ్రేడ్లు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో వైస్ ప్రెసిడెంట్ అంటే కంపెనీలో రెండో స్థానం కాదు, మధ్యస్థాయి ఉద్యోగం. ఆ పైన డైరెక్టర్, మేనేజింగ్ డైరెక్టర్ ఉంటారు. అలాగే సీఎఫ్ఏ అనేది చదువుకు సంబంధించిన అర్హత. సెబీ రిజిస్ట్రేషన్‌కు అది ప్రత్యామ్నాయం కాదు. అందులో ఒకటి రెండు లెవెల్స్ పాసైనంత మాత్రాన పేరు పక్కన సీఎఫ్ఏ అని పెట్టుకోకూడదు.

'ట్రేడింగ్ మెంటార్' అంటే?

ఇది సెబీ గుర్తించిన హోదా కాదు. మార్కెట్ పాఠాలు చెప్పడం తప్పు కాదు. కానీ రిజిస్ట్రేషన్ లేకుండా డబ్బులు తీసుకుని కొనండి, అమ్మండి అని టిప్స్ ఇస్తే చిక్కులే. ఇలాంటి కేసుల్లో వసూలు చేసిన ఫీజు వెనక్కివ్వాలని, మార్కెట్‌కు దూరంగా ఉండాలని సెబీ చాలాసార్లు ఆదేశాలిచ్చింది.

ఎలా చెక్ చేసుకోవాలి?

* కార్డుపై హోదా కాదు, రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి.
* సెబీ వెబ్‌సైట్‌లో ఆ నంబర్, పేరు రెండూ సరిపోయాయో లేదో చూడండి. ఏఆర్ఎన్ అయితే యాంఫీ సైట్‌లో చూడాలి.
* 'మీకు డబ్బులు ఎవరిస్తారు? కమీషనా, ఫీజా?' అని సూటిగా అడగండి.
* గ్యారంటీ లాభం అంటే నమ్మొద్దు. రిజిస్టర్ అయినవాళ్లు కూడా అలా చెప్పకూడదు.
* ఫిర్యాదులకు సెబీ స్కోర్స్ పోర్టల్ ఉంది. సందేహాలుంటే టోల్‌ఫ్రీ నంబర్ 1800 266 7575కు కాల్ చేయొచ్చు.