కంప్యూటరు స్విచ్చి కథ

హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. నుండి 1969లో టి.డి.సి.-12 కంప్యూటరు వెలువడినది. నేడు అదే నగరపు తూర్పున, దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు పాఠశాలలలో కంప్యూటరు బల్లమీది వస్తువైనది. అట్టి యంత్రము ఒకనాడు బటను నొక్కినను పలుకకపోవచ్చును. కారణము వెదకుటకు స్విచ్చి చరిత్ర తోడ్పడును.

1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో పెద్ద ఎర్ర స్విచ్చి విద్యుత్తునే నేరుగా కలుపుచు, తెంపుచు ఉండెడిది. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. పద్ధతిని ప్రకటించినది. ఇందులో ముందరి బటను సంకేతమును మాత్రమే పంపును. దానిని గ్రహించి మదర్‌బోర్డు పవర్ సప్లయిని మేల్కొల్పును. ఇందుకై యంత్రము ఆగియున్నను లోపల 5 వోల్టుల విద్యుత్తు నిలిచియుండును. అనగా, పలుకని యంత్రము విద్యుత్తు లేని యంత్రమే కానక్కరలేదు.

కావున మొదట గోడ ప్లగ్గులో 230 వోల్టుల విద్యుత్తు కలదా అని వేరొక దీపమును వెలిగించి చూడవలెను. పిదప తీగను, వెనుకనున్న స్విచ్చిని పరీక్షింపవలెను. ఇవి సరిగానున్నచో, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే ఉపాధ్యాయుడు పెట్టె తెరచి, బటను నుండి మదర్‌బోర్డునకు పోవు సన్నని తీగలు వదులైనవేమో చూడవలెను. పవర్ సప్లయి డబ్బాను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను అందలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు మిగిలియుండవచ్చును.

వదులైన తీగ ఒక్కటి బిగించినంతనే మేల్కొను యంత్రమును పాతసామానులో పడవేయుట ఎంత నష్టము!