ప్రాచీన గ్రీకు వస్త్రధారణము, గుడియాత్తము లుంగీ

మగ్గము దిగిన వస్త్రమును కత్తెరకు అప్పగింపక, నేసిన వెడల్పుతోను నేసిన అంచులతోను మేనికి చుట్టి కట్టుకొను ఆచారము ప్రాచీన గ్రీసునందును దక్షిణ భారతమునందును సమానముగా వర్ధిల్లినది. ఒకరినుండి వేరొకరు దీనిని నేర్చిరని ఊహింప నక్కరలేదు. కత్తిరించి పారవేసిన ప్రతి ముక్కయు నేతగాని శ్రమలో భాగమే గనుక, చేతినేతపై ఆధారపడిన సమాజములు తమంత తామే ఈ మార్గమునకు రాగలవు.

గ్రీకు స్త్రీల పెప్లాసు ఉన్నితో నేసిన దీర్ఘచతురస్ర వస్త్రము. దాని పై అంచును వెలుపలికి మడిచి, శరీరమునకు చుట్టి, భుజములకడ పొడవైన సూదులతో బిగించి, నడుమున దట్టి కట్టెడివారు. అవిసెనార వస్త్రమైన ఖిటానును చేతుల పొడవున పలుచోట్ల గుండీలతో కూర్చెడివారు. హిమాటియన్ స్త్రీపురుషు లిరువురకును ఉత్తరీయము. ఈ భుజపు సూదులను గూర్చి ఒక కథ కలదు. ఏజీనా ద్వీపముపై దండెత్తిన ఏథెన్సు సైన్యమునుండి ఒక్కడే బ్రతికి రాగా, మృతుల భార్యలు తమ భర్త లెక్కడని నిలదీయుచు భుజపు సూదులతోనే వానిని పొడిచి చంపిరనియు, ఆ పిమ్మట ఏథెన్సు స్త్రీలకు సూదు లక్కరలేని అయోనియా నారవస్త్రము విధింపబడెననియు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసెను. కథ యెంతవరకు నిజమైనను, వస్త్రమును నిలిపియుంచు సాధనమునకు వారి జీవితమున ఎంత ప్రాధాన్యముండెనో దీనివలన తెలియును.

గ్రీకులు తెల్లని వస్త్రములనే ధరించిరనుట పొరపాటు. ఏథెన్సు అక్రోపొలిస్ శిల్పములపై రంగుల జాడలు, చిత్రించిన అంచులు నేటికిని కనుపించుచున్నవి. కాలక్రమమున రంగు రాలిన పాలరాతిని చూచి ఐరోపావారు తెలుపును గ్రీకు లక్షణముగా భావించిరి. ఫ్రెంచి విప్లవానంతరము ప్యారిస్ స్త్రీలు బిగువైన దుస్తులు విడిచి, రొమ్ము క్రిందనే దట్టి కట్టిన తెల్లని గౌనులు ధరించిరి. ఆ గ్రీకు అనుకరణమునకు కావలసిన మస్లిన్ వస్త్రమును బంగాళపు నేతగాండ్రును నేసిరి. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే, క్రీ.శ. 1వ శతాబ్దమున గ్రీకుభాషలో రచింపబడిన పెరిప్లస్ అను సముద్రయాన గ్రంథము మన కృష్ణాతీరపు మసాలియా ప్రాంతమున సన్నని నూలువస్త్రములు విస్తారముగా నేయబడుచుండెనని పేర్కొన్నది. ఐరోపాలో గ్రీకు అనుకరణము అటుపిమ్మటను సాగినది. 1907 ప్రాంతమున వస్త్రశిల్పి ఫార్చునీ సృష్టించిన మడతల పట్టుగౌను డెల్ఫీ రథసారథి విగ్రహమునుండి పేరు గ్రహించినది. వియొనే, మదామ్ గ్రే మొదలగు వస్త్రశిల్పులును ఆ మార్గముననే నడచిరి.

అయితే వీరు శిల్పములందు వెదకి తెచ్చిన విద్య గుడియాత్తము చెంతనున్న కౌండిన్యానదీ తీరమున నిత్యవ్యవహారమే. బాగాయము మొదలుకొని గుడియాత్తము వరకు, రాయవేలూరు (వేలూరు) సీమలో తమిళులతో కలసి మెలసి జీవించు తెలుగువారికి గళ్ల లుంగీ ఇంటి వస్త్రము. 1911లో చిత్తూరు జిల్లా ఉత్తర ఆర్కాటు జిల్లానుండి వేరైనను, ఈ సీమ భాషయు నేతయు ఆ సరిహద్దు గీతకు రెండువైపుల నిలిచినవి. మగ్గములు మాత్రము వేరు. గ్రీకు మగ్గము నిలువున నిలిచి, పడుగు చివర మట్టిగుండ్లు వ్రేలాడదీయబడి యుండెడిది. మన గుంటమగ్గమున నేతగాడు కాళ్లు గుంటలో దించి కూర్చుండును. రంగునూలు పడుగు పోయునప్పుడే గళ్ల నిలువు చారలు నిర్ణయమగును, పేక వానిని అడ్డముగా ఖండించును. దర్జీకి మిగులు పని రెండు కొసలను కలుపు ఒక్క కుట్టు మాత్రమే.

ఆ కుట్టుతో సుమారు 2 మీటర్ల వస్త్రము గొట్టమగును, ప్రక్క కుట్టిన పెప్లాసు కూడ ఇట్టి గొట్టమే. గ్రీకు స్త్రీ అధికమైన పొడవును దట్టిపైకి లాగి వదలెడిది. గుడియాత్తము శ్రామికుడు మోకాళ్ల పైకి మడిచి నడుమున దోపుకొనును. బక్కవానికిని బలిష్ఠునికిని, తండ్రికిని ఎదిగిన కొడుకునకును ఒకే లుంగీ సరిపోవును, కొలత తీసుకొనువాడు అక్కరలేడు.