మహమ్మారి వేళ పసిపిల్లల దూరవిద్య: పాఠం తల్లిదండ్రులకే

పుదుచ్చేరి: కొవిడ్-19 కట్టడికి 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి రావడంతో అంగన్‌వాడీ కేంద్రాలు, నర్సరీ తరగతులు మూతపడ్డాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువు ఇంటికి చేరింది.

ఆన్‌లైన్ బోధనపై కేంద్రం 2020 జులై 14న ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలను విడుదల చేసింది. పూర్వ ప్రాథమిక స్థాయికి రోజుకు 30 నిమిషాలు మించరాదని, ఆ వ్యవధిని తల్లిదండ్రులతో మాట్లాడి వారికి మార్గం చూపడానికి వినియోగించాలని అందులో సూచించింది. ఈ వయసు పిల్లలు వస్తువులను తాకుతూ, ఆడుతూ, మాట్లాడుతూ నేర్చుకుంటారు. చింతగింజలు లెక్కించడం, పప్పుధాన్యాలను వేరుచేయడం, కథ వినడం వంటివి ఫోను తెర చేయించలేదు. పక్కన పెద్దలు ఉండాలి.

అందువల్ల సూచనలు ఇంటి భాషలో ఉండటం కీలకం. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఇది మరింత స్పష్టం. పుదుచ్చేరి, కారైకాల్‌లలో తమిళం, మాహేలో మలయాళం, యానాంలో తెలుగు ప్రధాన భాషలు. పాలన ఒకటే అయినా, రాజధానిలో తమిళంలో రూపొందిన పాఠం యానాం తల్లికి అక్కరకు రాదు.

టీవీ పాఠాలూ చిన్నారులందరికీ అందలేదు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న మొదలైన డిజిటల్ తరగతులు మూడో తరగతి నుంచే ఆరంభమయ్యాయి.

అంగన్‌వాడీలో అక్షరంతోపాటు అన్నమూ ఉంది. వేడి భోజనాన్ని ఫోనులో పంపలేరు. కంటైన్‌మెంట్ జోన్ల వెలుపల కేంద్రాలను తెరవడంపై 2021 జనవరి 31లోగా నిర్ణయించాలని సుప్రీంకోర్టు జనవరి 13న రాష్ట్రాలను, కేంద్రపాలిత ప్రాంతాలను ఆదేశించింది.