ఎలెన్ వెస్ట్: అర్థం చేసుకోవడానికీ ఆదుకోవడానికీ మధ్య

1921 జనవరి 14న స్విట్జర్లాండులోని క్రాయ్‌ట్స్‌లింగెన్ పట్టణానికి, కాన్‌స్టన్స్ సరస్సు తీరాన ఉన్న బెల్‌వ్యూ మానసిక చికిత్సాలయానికి, ఒక యువతి భర్తతో కలిసి వచ్చింది. లావెక్కుతానేమోనన్న భయం ఒకవైపు, క్షణం కూడా వదలకుండా తిండి గురించే తలపించే ఆకలి మరొకవైపు ఆమెను ఏళ్ళ తరబడి నలిపివేస్తున్నాయి. అప్పటికే ఇద్దరు మనోవిశ్లేషకుల దగ్గర చికిత్స జరిగింది, ఫలితం లేకపోయింది. బెల్‌వ్యూలో రెండున్నర నెలలు ఉన్నాక, మార్చి 30న ఆమెను ఇంటికి పంపించారు. ఏప్రిల్ మొదటి వారంలోనే ఆమె తన ప్రాణం తీసుకుంది. అప్పటికి ఆమె వయసు 33 ఏళ్ళు.

వైద్యంలో ఏ కొత్త మార్గమైనా తాను నయం చేసిన రోగి కథతో లోకానికి పరిచయమవుతుంది. అస్తిత్వవాద మనోచికిత్స సంగతి వేరు. ఆ మార్గంలో అన్నిటికన్నా ఎక్కువగా చదివిన, వాదించిన రోగి వృత్తాంతం ఈమెదే. ఎవరూ కాపాడలేకపోయిన మనిషి కథ అది.

చికిత్సాలయాధిపతి లుడ్విగ్ బిన్స్‌వాంగర్. 1857లో అతని తాత స్థాపించిన సంస్థ అది. అతడు ఫ్రాయిడ్‌కు ఆప్తమిత్రుడు. 1912లో ఫ్రాయిడ్ స్వయంగా క్రాయ్‌ట్స్‌లింగెన్ వచ్చి అతణ్ణి చూసి వెళ్ళాడు. సిద్ధాంతంలో దారులు వేరైనా ఆ స్నేహం చెడలేదు. ఫ్రాయిడ్‌తో విభేదించినవారిలో ఇది అరుదే. 1927లో హైడెగర్ గ్రంథం ‘సత్త-కాలం’ వెలువడ్డాక బిన్స్‌వాంగర్ ఆలోచనకు కొత్త ఆధారం దొరికింది. ఈ బాధకు మూలకారణం ఏది అన్న ప్రశ్నకన్నా ముందు, ఈ మనిషి ఎటువంటి లోకంలో బ్రతుకుతున్నాడు అన్న ప్రశ్న అడగాలన్నాడతడు. ప్రకృతితో, దేహంతో ముడిపడిన పరిసరలోకం. తోటి మనుషులతో పంచుకునే సహలోకం. తనతో తాను మసలుకునే స్వలోకం. ఈ మూడింటిలో మనిషి కాలాన్ని, స్థలాన్ని ఎలా అనుభవిస్తున్నాడో తెలియనిదే రోగలక్షణానికి అర్థం తెలియదని అతని వాదం.

ఎలెన్ దినచర్యలు, కవితలు, ఉత్తరాలు ఈ దృష్టితో చదివితే రెండు లోకాలు కనబడ్డాయి. ఒకటి వెలుగు, గాలి, ఎగరడం; ఆదర్శాలు నిండినది. రెండోది తడిమట్టి, చీకటి, సమాధి. లావెక్కడమంటే ఆమెకు ఆ సమాధిలోకి జారిపోవడమే. అటువంటప్పుడు తిండి భయం అందానికి సంబంధించిన బెంగ కాదు. భవిష్యత్తు మూసుకుపోయిన మనిషి చేస్తున్న పెనుగులాట. ఈ భాగాలు నేటికీ చదువరిని నిలవేస్తాయి.

అయితే ఈ విశ్లేషణ అచ్చయినది 1944-45లో, అంటే ఆమె పోయిన ఇరవై మూడేళ్ళ తరువాత. 1921లో ఆమెకు దక్కినది ఇది కాదు, రోగనిర్ణయం. క్రెపెలిన్ అంతకుముందే విషాదోన్మాదం అన్నాడు. బిన్స్‌వాంగర్ స్కిజోఫ్రీనియా అన్నాడు, బ్లాయ్‌లర్ ఒప్పుకున్నాడు. సంప్రదింపుకు వచ్చిన మరో నిపుణుడు కాదన్నాడు. పేరు దగ్గర కలవని పెద్దలు ఒక్క విషయంలో కలిశారు: నమ్మదగిన చికిత్స లేదు. మిగిలినవి తలుపులు మూసిన వార్డు, లేదా ఇల్లు. నేటి వైద్యులలో చాలామంది దీన్ని ఆహార సంబంధ రుగ్మతగా గుర్తిస్తారు, చికిత్సకు పూనుకుంటారు. ఆనాటివారిని ఆ జ్ఞానంతో కొలవడం న్యాయం కాదు. కానీ ఆ మరణం ఆమె జీవితానికి అనివార్యమైన పరిపూర్తి అన్న ధ్వనితో బిన్స్‌వాంగర్ తరువాత రాసినదానికి ఆ మినహాయింపు వర్తించదు. కాపాడలేకపోయిన వైద్యుడి కలం నుంచి వచ్చిన ఆ ముక్తాయింపు ఒప్పుకోవడం కష్టం.

1958లో రోలో మే, ఎర్నెస్ట్ ఏంజెల్, ఆన్రీ ఎలెన్‌బెర్గర్ సంపాదకత్వంలో ‘ఎగ్జిస్టెన్స్’ అనే సంకలనం న్యూయార్కులో వెలువడింది. ఎలెన్ కథ ఇంగ్లీషులోకి వచ్చింది అందులోనే. అది చదివి కలతచెందినవారిలో కార్ల్ రోజర్స్ ఒకడు. 1961లో రాసిన వ్యాసంలో అతడు సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, వృత్తాంతంలో ఎవరూ ఆగని చోట ఆగాడు. ఇరవై ఏళ్ళప్పుడు ఎలెన్‌కు ఒక విదేశీయుడితో నిశ్చితార్థం జరిగింది. తండ్రి వద్దనడంతో రద్దయింది. తరువాత ఒక విద్యార్థిని ప్రేమించింది. తల్లిదండ్రులు ఈసారీ అడ్డుపడ్డారు. తన మనసు చెప్పినదానిని పక్కనపెట్టి పెద్దల మాటనే తన మాటగా చేసుకోవడం ఆమె అక్కడ నేర్చుకుందని, చివరకు తన ఆకలిని కూడా నమ్మలేని స్థితికి చేరిందని రోజర్స్ అంటాడు. వైద్యులు కూడా తెలియకుండా అదే పని చేశారు: ఆమె గురించి మాట్లాడుకున్నారు, ఆమెతో మాట్లాడినది తక్కువ. తన దగ్గరకు వచ్చి ఉంటే తండ్రిపై కోపాన్నీ, స్వతంత్రంగా బ్రతకాలన్న కోరికనూ, ఆ కోరికంటే ఉన్న భయాన్నీ ఆమె బెదరకుండా పలికేదాకా వినేవాణ్ణని అతని వాదం. పోయినవారి విషయంలో ఇలా అనడం సులభమే. అయినా గురి తప్పలేదు.

ఆ తరువాత ఈ మార్గంలో నడిచినవారి ఆచరణలో ఈ రెండు గొంతులూ వినిపిస్తాయి. సాధనం అవగాహనను అనుసరించి రావాలి తప్ప అవగాహన సాధనాన్ని అనుసరించకూడదని రోలో మే అదే సంకలనంలో వాదించాడు. 1940లలో క్షయతో శానటోరియంలో మంచం పట్టి, తన మృత్యువును తాను చూసినవాడతడు. అందుకే ఆందోళనను వెంటనే తుడిచేయవలసిన మరకగా చూడలేదు. అది ఏ నిర్ణయం ముందు నిలబడి వణుకుతోందో అడగమన్నాడు. ఇర్విన్ యాలోమ్ 1980 నాటి తన బృహద్గ్రంథంలో మరణం, స్వేచ్ఛ, ఏకాకితనం, అర్థరాహిత్యం అనే నాలుగింటి చుట్టూ ఈ చికిత్సను అమర్చాడు. ఆ నాలుగూ వైద్యుడికీ తప్పనివే. కనుక ఎదుటి కుర్చీలో ఉన్నవారి కన్నా అతడు ఎత్తులో కూర్చోవడానికి వీల్లేదు.

ఎలెన్ వెస్ట్ అన్నది ఆమె అసలు పేరు కాదు. బిన్స్‌వాంగర్ పెట్టినది. ఆమె రాసుకున్న కవితలు కూడా చాలాకాలం అతడు ఎంచి ఉటంకించినంత మేరకే లోకానికి తెలిశాయి.