మాలపల్లి ఎవరిని ఏడిపించింది?

'మాలపల్లి'ని నిషేధించిన ప్రభుత్వానికి ఒక సంగతి బాగా తెలుసు. పోరాటం గురించిన నవల చదివినవాడు చదవకముందు ఉన్నట్టు ఉండడని. పల్నాడు పుల్లరి ఉద్యమంలో జైలుకెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్లో కూచుని ఈ నవల రాశారు. 1922లో అచ్చు మొదలైంది. కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పీడ పూర్తిగా వదిలింది 1937లో, రాజగోపాలాచారి మంత్రివర్గం వచ్చినాకనే. ఇదంతా సాహిత్య చరిత్రల్లో ఉన్నదే. లేనిది ఒకటుంది. ఈ నవల చదివి ఎవరి మనసు ఎట్లా అయింది?

1920లలో మన వాడల్లో చదవడం వచ్చినోళ్ళు ఎంతమంది? కాబట్టి సంగదాసు చావుకి మొదట కన్నీళ్ళు పెట్టింది సంగదాసు కులపోళ్ళు కాదు. అరుగుల మీదా, గ్రంథాలయాల్లోనూ నవలలు చదివే సవర్ణ పాఠకులు. ఆ కన్నీళ్ళు దొంగ కన్నీళ్ళని మేం అనడం లేదు. పాలేరు కూడా మనిషేనని ఒక బ్రాహ్మణ రచయిత చెబితే తప్ప తెలియని ఇళ్ళు అప్పుడు చాలా ఉండేవి. కాని జాలి జాలే. జాలిపడ్డవాడు పుస్తకం మూసి అన్నానికి లేస్తాడు. పెరట్లో పాలేరు దోసిట్లోకి నీళ్ళు ఎత్తి పోసే ఎత్తు మాత్రం అంతే ఉంటుంది.

అప్పటికి మనవాళ్ళు ఎవరో వచ్చి మేలుకొలపాలని నిద్రపోతున్నారా అంటే, లేదు. నవలకు ఐదేళ్ళ ముందే, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ పెట్టుకుని 'పంచమ' మాట మాకొద్దు, మేం ఆదిఆంధ్రులం అన్నారు. 1921లో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. జాలి కోరని కోపం తెలుగులో అచ్చయి ఉన్నప్పుడే మాలపల్లి వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో మాత్రం జాలికే చోటు దొరికింది, కోపానికి దొరకలేదు.

మాలో ఎక్కువమందిమి ఈ నవలను హాస్టల్లో చదివాం. ఇంట్లో మొదట చదువుకున్న తరం మాది. ధాన్యం ధర పెరిగినప్పుడు చౌదరయ్య గింజల కూలి మాన్పి డబ్బు కూలి ఇస్తానంటాడు. సంగదాసు కూలీలను కూడగడతాడు. ఆ ఘట్టం చదివేటప్పుడు మా ఒళ్ళు వేడెక్కింది. మన కుంచం లెక్క కూడా పుస్తకాలకెక్కుతుందా అని ఆశ్చర్యమేసింది. తర్వాత సంగదాసు చౌదరయ్య దెబ్బకు చచ్చిపోతాడు. తండ్రి రామదాసు వేదాంతంతో ఆ దుఃఖాన్ని దిగమింగుతాడు. అక్కడ మాకు చౌదరయ్య మీద వచ్చిన కోపం కన్నా రామదాసు మీద వచ్చిన కోపమే ఎక్కువ. ఆ కోపం వెంటనే సిగ్గొచ్చింది. ఎందుకంటే మా నాయనలూ దొర ముందు అట్లాగే తలకాయ వంచి మమ్మల్ని చదివించారు. నవల మా చేత మా నాయనల్ని తిట్టించింది. సవర్ణ పాఠకుడికి ఈ బాధ లేదు. వాడికి రామదాసు మహానుభావుడు, అంతే.

ఇక వెంకటదాసు. తక్కెళ్ళ జగ్గడై ఉన్నోళ్ళను దోచి లేనోళ్ళకు పంచుతుంటే లోలోపల సంబరపడ్డాం, ఆ మాట పైకి అనలేదు. మాదిగ మిత్రులు ఇంకో ప్రశ్న వేశారు. పేరే మాలపల్లి గదా, మా గూడెం మాటేంటని. దానికి వేరే వ్యాసమే కావాలి.

1985 జులై 17న కారంచేడు జరిగింది. మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగినాక ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, కొన్ని శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. కారంచేడు తర్వాత మాలపల్లి మళ్ళీ తీస్తే అది పాత పుస్తకంలా లేదు. నవలలో హత్య ఒక భూస్వామి కోపంలో చేసిన పని. ఊరంతా కత్తులు గొడ్డళ్ళతో కట్టగట్టుకుని రావడమంటే ఏంటో చూసినాక, ఆ ఒక్క మనిషి కోపం మమ్మల్ని ఏడిపించలేకపోయింది. ఉన్నవను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. చీరాల శిబిరంలో తలదాచుకున్నోళ్ళను చూసి వచ్చిన కళ్ళు వేరే, అంతే.

చివరగా ఒక రాత్రి సంగతి. ఒక వాడలో చర్చి వరండాలో కూలి ఘట్టం నుంచి సంగదాసు చావుదాకా చదివి వినిపించాం. ఆడవాళ్ళు ఏడుస్తారేమోననుకున్నాం. ఎవరూ ఏడవలేదు. నాట్లేసి వచ్చిన ఒక ముసలమ్మ గోడకానుకుని, కళ్ళు మూసుకుని అంతా విన్నది. నిద్రపోయిందనుకున్నాం. పుస్తకం మూయబోతుంటే కళ్ళు తెరిచి అడిగింది, ఆ పిల్లోడు పోయినాక మిగిలినోళ్ళకి గింజల కూలి ఇచ్చారా లేదా అని. మేం చావు దగ్గర ఆగిపోయాం, ఆమె ఆగలేదు. మాలో ఎవరికీ వెంటనే జవాబు తోచలేదు. లాంతరు దగ్గరికి జరిగి, పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతూ వెతుకుతుంటే, ఆమె కాళ్ళు చాపుకుని అట్లాగే కూచుంది.