బొబ్బిలి తుపాకులు – గొట్టములోని ఉప్పు

1753లో సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఒసగెను. వానిలో శ్రీకాకుళము సర్కారు ఒకటి. ఆ సర్కారులోని బొబ్బిలి కోటపై 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి దాడి చేసిరి. తాండ్ర పాపారాయుని శౌర్యము తెలుగునాట ఎరుగనివారు లేరు. అయితే నాటి తుపాకి గొట్టములలో ఏమి జరిగినదో తెలుసుకొనుటకు రసాయనశాస్త్రమును అడుగవలెను.

చెకుముకి తుపాకియైనను, వత్తి తుపాకియైనను నాడు వాడిన మందు ఒక్కటే: సురేకారము, గంధకము, బొగ్గు. సాధారణముగా నూరు పాళ్ళలో 75 పాళ్ళు సురేకారమే. ఇది కాలినపుడు అంతయు వాయువుగా మారదు. నోబుల్, ఏబెల్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు 1875లో ప్రకటించిన పరిశోధనల ప్రకారము, మందు బరువులో సుమారు 57 శాతము ఘనపదార్థముగా మిగులును. అందులో కొంత పొగయై పోవును. తక్కినది గొట్టము గోడలకు మకిలిగా పట్టును.

ఈ మకిలి కేవలము మసి కాదు. దీనిలో పొటాషియం కార్బొనేటు, సల్ఫేటు, సల్ఫైడు ఉండును. కార్బొనేటు గాలిలోని తేమను పీల్చుకొనును. ఆ తేమలో ఇనుము తుప్పుపట్టును. ఉప్పుజాడీలో వదలిన ఇనుపగరిటెకు పట్టు గతియే తుపాకికిని పట్టును. సముద్రపుగాలి వీచు భీమునిపట్నము, కళింగపట్నము వంటి చోట్ల ఇది మరింత త్వరగా జరుగును.

యుద్ధము నడుమ కడుగుటకు తీరిక ఎక్కడిది? అందుచేత గుండును గొట్టముకంటె చిన్నదిగా పోతపోసెడివారు. నాటి ఫ్రెంచి తుపాకి గొట్టము లోపలి వ్యాసము సుమారు 17.5 మిల్లీమీటర్లు, గుండు దానికంటె దాదాపు ఒక మిల్లీమీటరు తక్కువ. మకిలి పేరుకొన్నను గుండు దిగును. కాని అది వదులుగా ఉండుటచే గురి తప్పును.

గొట్టము లోపల మెలితిరిగిన చాళ్ళు తీసినదే రైఫిలు. చాళ్ళను పట్టుకొనిన గుండు బొంగరమువలె తిరుగుచు సూటిగా పోవును. కాని బిగువైన గుండును మకిలిపట్టిన చాళ్ళలోనికి కడ్డీతో దట్టుట ఎంతో కష్టము. అందుకే రైఫిలు చిరకాలము సామాన్య సైనికుని చేతికి రాలేదు. 1849లో ఫ్రెంచి సేనాధికారి మినియే అడుగున గుంటగల గుండును రూపొందించెను. అది సులువుగా దిగి, ప్రేలినపుడు విచ్చుకొని చాళ్ళను పట్టును. ఈ సూత్రముపై వచ్చిన 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు తూటాకు కొవ్వు పూసిరి. గుండు జారుటకు, మకిలి గట్టిపడకుండుటకు అది అవసరము. ఆ కొవ్వు ఆవుదో పందిదో అను అనుమానము 1857లో సిపాయిల తిరుగుబాటుకు ఒక కారణమైనది.

1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ పొగలేని మందును కనుగొనెను. మకిలి చాల తగ్గెను. కాని మందును అంటించు టోపీలో పొటాషియం క్లోరేటు ఉండెడిది. అది ప్రేలి పొటాషియం క్లోరైడుగా మారును. ఇది మన వంట ఉప్పుకు దగ్గరి చుట్టము. నూనె దీనిని కరిగించదు. ఉప్పుపై నూనె పూసినచో లోపల తుప్పు సాగుచునే యుండును. కనుకనే భారతదేశములో పోలీసులు, ఎన్.సి.సి. విద్యార్థులు చిరకాలము వాడిన .303 రైఫిలుకు, కాల్చిన పిదప మరిగిన నీటిని గరాటుతో గొట్టములో పోయు పద్ధతి ఏర్పడెను. నీరు ఉప్పును కరిగించును. వేడెక్కిన గొట్టము త్వరగా ఆరును. ఆ తరువాతనే నూనె.

ఆరబెట్టుటకు బరువు కట్టిన త్రాటికి గుడ్డపేలిక తగిలించి, తూటా పెట్టు వైపునుండి మూతివైపునకు లాగెదరు. దీనిని పుల్‌త్రూ అందురు. త్రాడు వంకరగా లాగినచో మూతివద్ద లోహము అరుగును. గుండు చివరిసారిగా తాకునది ఆ చోటే. అది అరిగినచో గురి చెడును.

తరువాతి కాలమున క్లోరేటు లేని టోపీలు వచ్చుటచే ఈ ఉప్పు బెడద చాలవరకు తీరినది. అయినను పాత నియమము విద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగినది: ఉప్పు సోకిన ఇనుమును ముందు నీటితో కడిగి, ఆరబెట్టి, పిమ్మట నూనె పూయవలెను. కడలి ఒడ్డున తిరిగిన సైకిలు గొలుసునకును ఇదే వర్తించును.